శుద్ధప్రతి రాసిన చిరంజీవి

పుస్తకాల్లో ఆడవాళ్ళు ఎక్కడ దొరుకుతారో జిగురుకి రెండో ఏడాదికి తెలిసివచ్చింది. అట్ట మీద దొరకరు. విషయసూచికలో దొరకరు. పీఠిక చివర, అచ్చాఫీసు వాళ్ళకీ కాగితం ఇప్పించినవాళ్ళకీ నమస్కారాలు అయిపోయాక, ఇంక చోటు లేదనగా మిగిలిన వాక్యంలో దొరుకుతారు.

జిగురు ఆమె అసలు పేరు కాదు. ఒక కుర్చీలో కూర్చుంటే లేవదనీ, ఒక సంగతి పట్టుకుంటే వదలదనీ డిపార్ట్‌మెంటులో తోటివాళ్ళు ఆమెకు తుమ్మజిగురు అని పేరు పెట్టారు. రోజులు గడిచేకొద్దీ తుమ్మ రాలిపోయి జిగురు మిగిలింది. జానపద సాహిత్యం సేకరించిన స్త్రీల మీద ఆమె పరిశోధన. ఆ విషయం ఇచ్చింది గైడుగారే.

"ఆడవాళ్ళ మీద చేసుకోమ్మా, గొడవుండదు. ఉన్నదే నలుగురు, త్వరగా తేలిపోతుంది" అన్నాడాయన.

ఆయన మీద జిగురుకి అప్పటికే కడుపు మండుతూ ఉంది. మొదటి ఏడాది ఆమె ఎండలో తిరిగి రాసిన తిరగలి పాటల వ్యాసం, ఆయన పేరుతో పత్రికలో వచ్చింది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'సహకారం' అని ఆమె పేరు. అడిగితే, "నీకింకా బోలెడు వయసుందిగా" అని నవ్వాడు. ఆ మాట ఆమె మింగింది గాని అరగలేదు.

గైడుగారికి గురువు పెద్దాయన. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. పోయినవాడి కళ్ళు చారెడంటారు. ఈయన కళ్ళు బతికి ఉండగానే చారెడు. ఆరువందల స్త్రీల పాటలు మూడు సంపుటాలుగా తెచ్చిన మహానుభావుడని పేరు. ఆయన శతజయంతికి ఆ సంపుటాల్ని మళ్ళీ అచ్చు వేయించే పని గైడుగారి చేతిలో ఉంది. ఆ మూడు పీఠికల చివరా ఒకే వాక్యం ఉంది: 'శుద్ధప్రతి రాసిపెట్టిన చిరంజీవికి ఆశీస్సులు.'

"ఈ చిరంజీవి ఎవరు సార్?" అని అడిగింది జిగురు.

"ఎవరో ఇంట్లో అమ్మాయి. చేతిరాత గుండ్రంగా ఉండేదట. అలాంటివాళ్ళ వెంట పడితే నీ థీసిస్ ఈ జన్మకి పూర్తికాదు."

అంతే, జిగురు అంటుకుంది. పాత అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన ఒక ముసలాయన్ని పట్టుకుంది. ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచి అడిగితే, "ఆ రాతా? ముత్యాలు కదమ్మా! పెద్దాయన మరదలిది. ఉంది, ఇంకా ఉంది" అని వీధి గుర్తులు చెప్పాడు.

దర్జీ దుకాణం పైన మూడో అంతస్తులో రెండు గదులు. తలుపు తీసినావిడకి ఎనభై రెండేళ్ళు. వెల్లుల్లి ఒలుస్తూ లేచి వచ్చింది కాబోలు, వేళ్ళకు పొట్టు అంటుకుని ఉంది. జిగురు వచ్చిన పని చెప్పింది. మీ జీవితం గురించి తెలుసుకుని రాస్తాను అమ్మమ్మగారూ, అంది.

"అమ్మమ్మేంటి? నాకు పిల్లలే లేరు. పిన్నీ అను, ఆ ఇంట్లో అందరూ అలాగే పిలిచేవాళ్ళు" అందావిడ. మళ్ళీ నేల మీద చతికిలబడి వెల్లుల్లి అందుకుంది. "నా జీవితం రాసి ఏం చేస్తావు? నాకు అక్కర్లేదు. మా బావగారిది చెరపడానికి వచ్చానంటే చెప్పు, కూర్చో."

జిగురు కూర్చుంది.

పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోతే, పిన్ని ఇరవయ్యో ఏట అక్క ఇల్లు చేరింది. బావగారు అప్పుడే పాటల సేకరణ మొదలుపెట్టాడు. ఊళ్ళు తిరిగేవాడు, అరుగుల మీద కూర్చునేవాడు, పాడమనేవాడు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి లోపలికి పోయేవాళ్ళు.

"మగాడి ముందు ఏ ఆడది పాడుతుందే? అందులో ఆ పాటలు! పురిటిగదిలో నొప్పులు పడేదానికి ధైర్యం చెప్పే పాటలు, మొగుణ్ణి తిట్టుకునే పాటలు, కడుపు పోయినప్పుడు పాడుకునేవి... నేను లోపలికి వెళ్ళేదాన్ని. నీళ్ళు కాచేదాన్ని, బిడ్డల్ని ఎత్తుకునేదాన్ని, వాళ్ళతో పాటు పిండి విసిరేదాన్ని. పాట చెవిన పడ్డాక బయటికొచ్చి రాసుకునేదాన్ని. ఆయన టీ కొట్టు దగ్గర కూర్చుని ఉండేవాడు."

"పాడినవాళ్ళ పేర్లు రాశారా పిన్నిగారూ?"

"ప్రతి పాట కింద పేరు, ఊరు, ఏం పని చేస్తుందో, ఎవరి దగ్గర నేర్చుకుందో రాశాను. ఆయన ఎర్రసిరాతో కొట్టేశాడు. 'ఒక వృద్ధురాలు' అని పెట్టాడు. 'ఒక కూలి స్త్రీ' అని పెట్టాడు."

మొదటి సంపుటం అచ్చయి వచ్చిన రోజు పిన్ని చివరి పేజీ దాకా తిప్పి చూసింది. భోజనాల దగ్గర అడిగింది. ఆయన ముద్ద మింగి, "పాటలు జనానివి. వాటికి పేరెందుకు?" అన్నాడు.

"మరి అట్ట మీద మీ పేరెందుకు బావగారూ?" అంది పిన్ని.

ఆయన భార్య వైపు తిరిగి, నీ చెల్లెలికి నోరొచ్చింది అన్నాడు. మూడు రోజుల తర్వాత, ఇష్టం లేకపోతే తలుపు తీసే ఉందని కూడా అన్నాడు. తలుపు తీసే ఉంది గాని, ఆ తలుపు బయట పిన్నికి ఇంకో ఇల్లు లేదు. నోరు మూసుకుంది. కళ్ళు తుడుచుకుంది. రెండో సంపుటానికి మళ్ళీ బయల్దేరింది.

"అప్పుడే ఏడు పాటలు కట్టాను" అంది పిన్ని. వెల్లుల్లి పక్కన పెట్టి, చేతులు దులుపుకుంది. "నేనే కట్టాను, పొయ్యి దగ్గర కూర్చుని. నిజం పాటల్లో కలిపి ఇచ్చాను. ఎక్కడివీ అని అడిగితే, మర్చిపోయాను బావగారూ, మీతో వచ్చినప్పుడు విన్నవే, మీకే గుర్తుండాలి అన్నాను. ఆయనకి గుర్తొచ్చేశాయి!"

జిగురుకి రెండో సంపుటంలోని పేరుమోసిన జోలపాట గుర్తొచ్చింది. "అందులో జోలపాట ఉందా?"

పిన్ని పళ్ళు లేని నోటితో నవ్వి, మెల్లగా పాడింది.

*ఆయి ఆయి పాపాయి, దొంగొచ్చినాడే,*
*ఇల్లంత వెతికినా ఏమి దొరకందే,*
*పాపాయి గొంతులో పాట దొరికిందే,*
*మూటగట్టుక పోయె ముసిముసీ నవ్వే.*

ఆ పాట రాని పిల్లలు లేరు. బడి పుస్తకంలో ఉంది. ఆ పాట గురించి పెద్దాయన రెండో సంపుటంలో రెండు పేజీలు రాశాడు: నవంబరు పదకొండున, మంచు విడవని వేళ, ఏటి రేవులో బట్టలుతుకుతూ తొంభై ఏళ్ళ అవ్వ పాడిందనీ, వింటూ తాను కంటనీరు పెట్టుకున్నాననీ. 'దొంగ అనగా నిద్ర' అని భాష్యం చెప్పాడు. ఆ భాష్యం మీదే గైడుగారు డాక్టరేటు తెచ్చుకున్నాడు.

"దొంగంటే నిద్రట!" పిన్ని తొడ మీద చరుచుకుంది. "వాడి మొహం మీదే చెప్పాను దొంగవని. అర్థం కాలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఒక్కడికీ అర్థం కాలేదు."

"కానీ రుజువేది పిన్నిగారూ?"

పిన్ని మంచం కింద నుంచి రేకు పెట్టె లాగించి, పాత చీరల మడతల్లోంచి ఒక కవరు తీసింది. రిజిస్టరు పోస్టు. ఆవిడ పేరుకే ఆవిడే పంపుకుంది. లక్క ముద్రలు పగలలేదు. రెండు పోస్టాఫీసుల ముద్రలూ చెక్కుచెదరలేదు: జూలై రెండు, జూలై నాలుగు. పాటలు ఆయన చేతికి ఇవ్వకముందే, ఆయన రాసిన ఆ నవంబరుకి నాలుగు నెలల ముందు, పంపుకున్న కవరది.

"ఇన్నేళ్ళు ఎందుకు ఆగారు?"

"అక్క ఉంది కదా. ఆయన పరువు మీద బతికిన మనిషి. పోయిన ఏడాది అక్క పోయింది. పదో రోజు నుంచీ ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నాను. నువ్వు కొంచెం ఆలస్యంగా వచ్చావు."

మెట్లు దిగుతున్నప్పుడు జిగురు కాళ్ళు నేల మీద లేవు. మనసంతా గైడుగారి మొహమే. ఆ మొహం ఎలా మాడిపోతుందో వంద రకాలుగా ఊహించుకుంది. కానీ రెండు వీధులు దాటేసరికి ఒక భయం పట్టుకుంది. ఏడు దొంగపాటలున్నాయని తేలితే, మిగతా నిజం పాటల్నీ ఎవరు నమ్ముతారు? వెనక్కి తిరిగి మళ్ళీ మూడంతస్తులూ ఎక్కి ఆ మాటే అడిగింది.

"నా నోట్‌బుక్కులు చూపిస్తే నమ్ముతారు. పద్నాలుగు" అంది పిన్ని. "ఆయన పోయాక కాగితాలన్నీ మీ యూనివర్సిటీకే ఇచ్చారు. తగలబెట్టి ఉండడులే. మావి తగలబెట్టాల్సినంత గొప్పవని ఆయన ఎప్పుడూ అనుకోలేదు."

నిజమే, తగలబెట్టలేదు. లైబ్రరీ రెండో అంతస్తులో 'పెద్దాయన సేకరణ' అన్న గది తాళం గైడుగారి దగ్గర ఉంటుంది. శతజయంతికి ఫొటోలు వెతకాలని చెప్పి జిగురు తాళం తీసుకుంది. గైడుగారు తల ఎత్తకుండానే ఇచ్చాడు. గైడుగారు రాసిపెట్టిన జాబితాలో చివరి పద్దు: 'స్త్రీల చేతివ్రాత, ముఖ్యం కాదు.' బీరువా అడుగు అరలో, కట్టిన తాడు కూడా విప్పకుండా పద్నాలుగు నోట్‌బుక్కులూ ఉన్నాయి. పేజీ పేజీకీ ముత్యాల్లాంటి రాత, దాని మీద ఎర్రసిరా. ఎర్రగీత కింద పేర్లు శుభ్రంగా కనిపిస్తున్నాయి. జిగురు పదకొండు రోజులు కూర్చుని ప్రతి పేజీ ఫొటో తీసింది. ఆ ఏడు పాటల కోసం రెండుసార్లు వెతికింది. ఏ నోట్‌బుక్కులోనూ లేవు.

శతజయంతి సభ ఉదయం పదింటికి. హాలు నిండా జనం. పెద్దాయన ఫొటో మనిషెత్తు పెట్టారు. కుటుంబం తరఫున మరదలు రెండు మాటలు చెబుతుందని జిగురే పేరు చేర్పించింది. గైడుగారు, చెప్పనీ పాపం, ముసలావిడ, అన్నాడు. ముఖ్య అతిథి రిటైరైన జడ్జి. బడి పిల్లలు జోలపాట పాడారు. గైడుగారు మైకు అందుకుని ఏటి రేవు కథ చెప్పాడు. మంచు దగ్గర గొంతు కాస్త వణికించాడు కూడా.

తర్వాత పిన్నిని చెయ్యి పట్టి ఎక్కించారు. ఆవిడ మైకు ముందు నిలబడి హాలంతా ఒకసారి కలయజూసింది.

"బాబూ" అంది గైడుగారి వైపు తిరిగి, "ముసలిదాన్ని, గుర్తుండదు. ఆ పాట మా బావగారు ఎప్పుడు విన్నారు?"

"నవంబరు పదకొండమ్మా."

"ఎవరు పాడారు?"

"బట్టలుతికే అవ్వ. తొంభై ఏళ్ళావిడ."

"అంతకుముందు ఎవరికీ తెలీదా ఆ పాట?"

"లోకానికి మొదట వినిపించింది ఆయనేనమ్మా. ఆ రెండు పేజీల్లో ప్రతి అక్షరం నిజం. నేను దాని మీదే పరిశోధన చేశాను" అన్నాడు గైడుగారు, అందరూ వినేలా.

"అందరూ విన్నారుగా" అంది పిన్ని. కవరు తీసి జడ్జిగారి చేతిలో పెట్టింది. "అయ్యా, మీరు న్యాయం చెప్పినవారు. దీని మీద ముద్రలు చదివి, మీ చేత్తో చింపండి."

జడ్జిగారు కళ్ళజోడు మార్చుకున్నాడు. తేదీలు చదివాడు, ఆ నవంబరుకి ముందటి జూలై. కవరును వెలుతురుకి పట్టి నాలుగు వైపులా చూశాడు. లక్క పగలగొట్టాడు. లోపల నాలుగు కాగితాలు. ఒక్కొక్క పాటా చదువుతుంటే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నాలుగో పాట, ఇందాక పిల్లలు పాడిన జోలపాటే. చివరి కాగితం అడుగున ఉన్న రెండు వాక్యాల దగ్గర జడ్జిగారు ఆగి, గొంతు సవరించుకుని చదివాడు.

"'ఈ ఏడు పాటలూ నేను కట్టినవి. వీటిని మా బావగారు ఎక్కడ విన్నానంటారో చూడాలి.'"

వెనక వరసలో ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ముందు వరసల దాకా పాకింది.

గైడుగారు దొంగకు తేలు కుట్టినట్టు రెండు నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత మైకు లాక్కున్నాడు. "చూశారా! మోసం చేసింది ఈవిడ! గురువుగారు నమ్మి మోసపోయారు. అలాంటప్పుడు మిగతావన్నీ కూడా ఈవిడ వంటింట్లో కట్టినవే అయుండొచ్చు. ఇది జానపదానికే ద్రోహం!"

ఆ మాట వస్తుందని జిగురుకి తెలుసు. ఆ మాట కోసమే పన్నెండో వరసలో కూర్చుని ఉంది. లేచింది.

"మిగతా వాటికి పాడినవాళ్ళ పేర్లున్నాయి సార్. పద్నాలుగు నోట్‌బుక్కులు. మీ బీరువాలోనే, మీ తాళంలోనే. ముఖ్యం కాదని మీరే రాశారు." "మీ గురువుగారు ఈవిడ పాటల్ని నమ్మి మోసపోయారన్నారు. రేవులో అవ్వని కూడా ఈవిడే చూపించిందా? ఆ కన్నీళ్ళు ఎవరివి సార్?"

అక్కడే నిలబడి పేర్లు చదవడం మొదలుపెట్టింది. ఒక మంత్రసాని, ఒక పాలావిడ, రాళ్ళు కొట్టే అక్కాచెల్లెళ్ళు, బిడ్డని పోగొట్టుకున్న ఒక టీచరమ్మ. ఎవరూ ఆపలేదు. గైడుగారు మెట్లు దిగి పక్క తలుపులోంచి వెళ్ళిపోతుంటే, జిగురు చదవడం ఆపకుండానే ఆయన్ని తలుపు దాకా చూపుతో సాగనంపింది. మూడేళ్ళలో ఆమె కడుపు చల్లబడ్డ క్షణం అదొక్కటే.

మర్నాడు పేపర్లన్నీ పిన్ని పేరు వేశాయి. రెండు పేపర్లు 'మోసగత్తె' అని కూడా వేశాయి. జిగురు ఆ పేపర్లు దాచి మిగతావి పట్టుకెళితే పిన్ని అన్నీ తెమ్మని చదివించుకుంది. "పేరు తప్పు లేకుండా వేశారు. చాలు" అంది.

పెద్దాయన పెద్దకొడుకు ఫోను చేశాడు. "పిన్నీ, నాన్న పరువు తీశావు" అన్నాడు.

"మీ నాన్న పరువు నేను తీయలేదురా. నేను పెట్టిందే వెనక్కి తీసుకున్నాను" అంది పిన్ని. వాడు మళ్ళీ ఫోను చేయలేదు. వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఆ రోజు అన్నం తినలేదు. రెండో రోజు తింది.

వారం తిరక్కుండా గైడుగారు మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. పెద్దవయసులో జ్ఞాపకం తడబడి అలా మాట్లాడానని ఒక ఉత్తరం ఇస్తే చాలన్నాడు. పునర్ముద్రణలో కృతజ్ఞతలు పేరుతో సహా వేయిస్తానన్నాడు. పిన్ని ఆయనకి మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగడం అయిపోయేదాకా ఆగి, "వెళ్ళు నాయనా, మెట్లు చీకటిగా ఉంటాయి, చూసుకుని దిగు" అంది.

పునర్ముద్రణ ఆగిపోయింది. కొత్త సంఘం వేశారు. అందులో గైడుగారు లేడు. పాట పాట కిందా పాడినామె పేరు వేయాలని తీర్మానించారు. సేకర్తగా పిన్ని పేరు అట్ట మీదికొచ్చింది. ఏటి రేవు పేజీలు రెండూ తీసేద్దామని సంఘం వాళ్ళు అడిగితే పిన్ని ఒప్పుకోలేదు.

"తీసేస్తే ఎలా? అక్షరం పొల్లు పోకుండా వెయ్యండి. మంచు, కన్నీళ్ళు, అన్నీ. కింద 'ఇది అబద్ధం' అని వెయ్యండి. పుస్తకం ఉన్నంతకాలం ఉండాలి" అంది. అలాగే వేశారు.

జిగురుకి మాత్రం ఒళ్ళు హూనమైంది. గైడుగారు ఆమె కాగితాల మీద సంతకం పెట్టలేదు. ఇంకో గైడు దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. తిరగలి పాటల వ్యాసం ఆయన పేరు కిందే ఉండిపోయింది. దానికి కవరూ లేదు, లక్కా లేదు. పగ తీరిందా అని అమ్మ అడిగితే, పిన్నిగారిది తీరింది, నాకు ముట్టింది అసలు కాదు, వడ్డీ మాత్రమే అంది.

కొత్త పుస్తకం అచ్చయి వచ్చిన ఎండాకాలం ఇద్దరూ కలిసి నోట్‌బుక్కుల్లోని మనుషుల్ని వెతకబోయారు. మొదటి పేరు మంత్రసానిది. ఆమె ఎప్పుడో పోయింది. కూతురు ఉంది, అరవై దాటిన మనిషి, ఆస్పత్రిలో ఆయా పని చేసి మానేసింది. పిన్ని కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకుని, మీ అమ్మ పాటలు ఇన్నాళ్ళకి మీ అమ్మ పేరుతో వచ్చాయమ్మా అని పుస్తకం చేతికిచ్చింది.

ఆమె పేజీ తిప్పింది. పెదాలు కదుపుతూ చదివింది. మొహం ఎర్రబడింది.

"ఇవి రాయొద్దని చెప్పలేదా మా అమ్మ?"

పిన్ని పుస్తకం వైపు చూసింది.

"పురిటిగది పాటలివి. అక్కడ పుట్టి అక్కడే పోవాలి. గడప దాటితే మంత్రసానికి చెయ్యి తిరగదు అనేది మా అమ్మ. అడుగుతున్నాను, చెప్పలేదా?"

"చెప్పింది" అంది పిన్ని.

"మరి?"

"గడప దాటాక గోడ చాటున రాసుకున్నాను."

ఇక ఆమె అందుకుంది. నీళ్ళు కాచిపెట్టే వంకతో ఇంట్లో దూరావంది. నీకు అన్యాయం జరిగిందని ఊరంతా చాటుకున్నావు, మా అమ్మకి నువ్వు చేసిందేమిటంది. మీ బావ నీ సొమ్ము ఎత్తుకుపోయాడా, అది నీ సొమ్మెప్పుడైందంది. జిగురు అడ్డం వెళ్ళబోతే పిన్ని మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఆమె తిట్టినంతసేపూ పిన్ని తల వంచుకోలేదు, కళ్ళు దించలేదు. ఆమె అలిసిపోయి ఆగాక, ఏం చేయమంటావు తల్లీ అని అడిగింది.

"ఆ పాటలు తీసేయండి."

"పేరు?"

ఆమె పేజీ మీద అమ్మ పేరుని వేలితో తడిమింది. "పేరు ఉంచండి. పాటలున్న చోట, రాయొద్దని చెప్పింది, ఒట్టి పేజీ వదిలేశాం అని వెయ్యండి."

ఇద్దరూ తిరుగు బస్సు ఎక్కారు. కిటికీ లోంచి వడగాలి కొడుతోంది. పిన్ని కొంగు తల మీదికి లాక్కుని, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"బాగా తిట్టింది. ఎంత బాగా తిట్టింది! ఇరవై రెండేళ్ళప్పుడు నేనూ బావ ముందు నిలబడి అలా తిట్టి ఉంటే, ఇంత కాలం కాచుకునే పనుండేది కాదు."

జిగురు పుస్తకం తెరిచి, మళ్ళీ అచ్చులో తీసేయాల్సిన మంత్రసాని పాటలు తొమ్మిదింటి మీదా పెన్సిలుతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టింది. బస్సు కుదుపులకి గీతలు వంకర పోతున్నాయి.